పళ్ల తిమింగలాల పుట్టుక చెప్పింది చెవి ఎముకలే, ఆ కథలో విశాఖపట్నం కూడా ఉంది

తిమింగలాల సైన్స్‌లో విశాఖపట్నం పేరు ఎప్పటికీ చెరగకుండా రాసుంది, ఊళ్లో చాలామందికి ఈ సంగతి తెలీదు. 1852లో ఇక్కడి రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. రేవు అంటే ఇప్పుడున్న పోర్టు కాదు, పోర్టు ఓపెనయ్యింది 1933లో, అప్పటికి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన సముద్రంలో కలిసే ఉప్పుటేరే రేవు. దొరికిన డాల్ఫిన్‌కి తల గుండ్రంగా ఉంది, మూతి అస్సలు ముందుకి పొడుచుకు రాలేదు. మరుసటేడు 1853లో వాల్తేరు దగ్గర ఇంకోటి దొరికింది, అది మరుగుజ్జు స్పెర్మ్ వేల్, దూరం నుంచి చూస్తే సొర అనుకునే జంతువు. వీటిని లండన్‌కి చేర్చింది వాల్టర్ ఇలియట్, ఉత్తర సర్కార్ల కమిషనర్‌గా చేసిన ఆఫీసరు, అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలు పంపించిన ఇలియట్ ఈయనే. అక్కడ వాటి ఎముకలు చూసి 1866లో రెండూ కొత్త జాతులని చెప్పింది బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. మొదటిదాన్ని ఇప్పుడు ఇరావడ్డీ డాల్ఫిన్ అంటున్నారు, పేరు బర్మా నదిదే కానీ సైన్స్‌కి తెలిసిన మొదటి నమూనా మాత్రం విశాఖ రేవుదే. చిలికా సరస్సుకి వెళ్లి జనం పడవల్లోంచి చూసేది ఈ జాతినే.

ఈ రెండూ పళ్ల తిమింగలాలే. డాల్ఫిన్లు, వాటి చుట్టాలైన పోర్పాయిస్‌లు, కిల్లర్ వేల్స్ అని పిలిచే ఓర్కాలు, స్పెర్మ్ వేల్స్, బీక్డ్ వేల్స్, గంగా డాల్ఫిన్ అన్నీ కలిపి 70కి పైగా జాతులు ఈ గుంపులో ఇప్పటికీ బతికున్నాయి. రెండో గుంపు నీలి తిమింగలం లాంటివి, వాటికి పళ్లు ఉండవు, జల్లెడలాగా పనిచేసే బలీన్ పలకలుంటాయి. ఈ రెండు గుంపులూ ఎక్కడ్నించి వచ్చాయి, నేల మీద నాలుగు కాళ్లతో తిరిగే జంతువు చీకటి సముద్రంలో శబ్దంతో వేటాడే జంతువుగా ఎలా మారిందీ అన్న ప్రశ్నకి గత 50 ఏళ్లలో శిలాజాలు ఇచ్చినంత వివరంగా జవాబు ఇంకే పెద్ద జంతువు విషయంలోనూ దొరకలేదంటే అతిశయోక్తి కాదు. ఆ శిలాజాల్లో కూడా మనకి బాగా దారి చూపించింది పళ్లు కాదు, చెవి ఎముకలు. పళ్లు ఒకసారి నిజం చెప్పాయి, తర్వాత 30 ఏళ్ల పాటు అందర్నీ దారి తప్పించాయి.

నిజం చెప్పిన సందర్భంలో ఉన్నది కూడా ఇదే ఓవెన్. 1834లో అమెరికాలో రిచర్డ్ హార్లన్ అనే ఆయన లూసియానా నుంచి వచ్చిన భారీ వెన్నుపూసలు చూసి ఇది సముద్రపు సరీసృపం అనుకుని బాసిలోసారస్ అని పేరు పెట్టాడు. 1839లో ఆయన ఈ జంతువు ఎముకలు లండన్ తీసుకెళ్తే ఓవెన్ పళ్లని పరీక్షించి వెనక దంతాలకి రెండేసి వేర్లు ఉన్నాయని చూపించాడు, సరీసృపాల పళ్లకి అలా ఉండదు, రెండు వేర్ల దంతం పాలిచ్చే జంతువుల లక్షణం. అంటే ఇది బల్లి జాతి కాదు, తిమింగలం జాతి అన్నమాట. పేరు మార్చాలని చూశాడు గానీ ముందు పెట్టిన పేరుకే హక్కు అన్న రూల్ వల్ల ఇవ్వాళ్టికీ అది బాసిలోసారస్ గానే మిగిలిపోయింది. ఆ తర్వాత 1845లో ఆల్బర్ట్ కోచ్ అనే ఆయన చాలా జంతువుల బాసిలోసారస్ ఎముకలు ఒకదానికొకటి గుచ్చి వంద అడుగులకి పైగా పొడవున్న సముద్ర సర్పం అని న్యూయార్క్‌లో టికెట్ పెట్టి చూపించాడు, దాన్ని కూడా పట్టించింది ఆ రెండు వేర్ల పళ్లే.

ఈజిప్ట్‌లో వాడీ అల్ హితాన్ అనే ఎడారి లోయ ఉంది, ఒకప్పుడు సముద్రం అడుగు, ఇప్పుడు ఇసుకలో తిమింగలాల వెన్నెముకలు వరసగా పైకి తేలి కనిపిస్తాయి, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఫిలిప్ జింజరిచ్, ఆయన తోటి వాళ్లు అక్కడే బాసిలోసారస్ వెనక కాళ్లు దొరికించుకుని 1990లో ప్రకటించారు. 15 మీటర్లు దాటే జంతువుకి మోకాలు, పాదం, వేళ్లతో సహా చిన్న కాళ్లు, అవి శరీరాన్ని మోయడానికి ఏ రకంగానూ పనికిరావు. పూర్తిగా సముద్రంలోనే బతికేది. కానీ ఇది మొదలు కాదు, మధ్యలో ఒక మెట్టు, దానికి ముందు ఏముందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడే పళ్లు తప్పుదారి పట్టించాయి. పాత తిమింగలాల వెనక దంతాలు మూడు మొనలతో, మాంసం కోసేలా ఉంటాయి. మెసోనిఖిడ్‌లు అని అంతరించిపోయిన గిట్టల మాంసాహార జంతువులుండేవి, వాటి పళ్లు అచ్చం ఇలాగే ఉంటాయి. 1966లో లీ వాన్ వేలెన్ ఈ పోలికని పట్టుకుని తిమింగలాలు మెసోనిఖిడ్‌ల నుంచి వచ్చాయన్నాడు, వాదన బాగానే ఉంది కాబట్టి చాలామంది ఒప్పుకున్నారు. 1990ల్లో డీఎన్‌ఏ పరీక్షలు మొదలయ్యాక సీన్ మొత్తం మారిపోయింది, తిమింగలాలకి ఇప్పుడు బతికున్న వాటిలో అందరికంటే దగ్గర చుట్టం నీటిగుర్రం అని తేలింది, అంటే ఆవు, జింక, పంది, ఒంటె ఉన్న జత గిట్టల గుంపులోకే తిమింగలం వచ్చేస్తుంది. శిలాజాల వాళ్లకి ఇది మింగుడు పడలేదు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఉన్న సాక్ష్యం పళ్లు, పళ్లేమో ఇంకో మాట చెప్తున్నాయి. 2001 సెప్టెంబర్‌లో ఒకే వారంలో రెండు టీమ్‌లు, జింజరిచ్ టీమ్, హాన్స్ థెవిసన్ టీమ్, పాకిస్తాన్‌లో దొరికిన పాత తిమింగలాల చీలమండ ఎముకలు బయటపెట్టాయి. జత గిట్టల జంతువుల చీలమండలో రెండు వైపులా కప్పీ ఆకారంలో ఉండే ఎముక ఒకటుంటుంది, ఇంకే గుంపులోనూ అలా ఉండదు, ఆ తిమింగలాలకి అదే ఉంది. దాంతో డీఎన్‌ఏ చెప్పిందే కరెక్టని తేలిపోయింది. పళ్ల ఆకారం ఏం తింటోందో చెప్తుంది, ఎవరి బిడ్డో చెప్పాల్సిన అవసరం దానికి లేదు, ఒకే రకం తిండి తినే రెండు వేరే వేరే గుంపులకి ఒకే రకం పళ్లు రావడం జీవపరిణామంలో మళ్లీ మళ్లీ జరిగిందే.

చెవి సంగతి వేరు. తిమింగలాలన్నిటికీ, పళ్లున్నవైనా లేనివైనా, మధ్య చెవిని కప్పే గిన్నెలాంటి ఎముకకి లోపలి అంచు బాగా మందంగా, బరువుగా ఉంటుంది. దాన్ని ఇన్వాల్యూక్రమ్ అంటారు. మిగతా పాలిచ్చే జంతువుల్లో ఆ ఎముక పలచగా ఉంటుంది. 1981లో జింజరిచ్, రస్సెల్ పాకిస్తాన్‌లో దొరికిన సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి ఒక జంతువుకి పాకిసెటస్ అని పేరు పెట్టి ఇది తిమింగలమే అని ధైర్యంగా చెప్పగలిగారంటే ఆ చెవి వల్లే. తర్వాత దొరికిన ఎముకల్ని బట్టి అది తోడేలు సైజులో, సన్నటి కాళ్లతో నేల మీద నడిచే జంతువు, వాగుల ఒడ్డున నీళ్లలోకి దిగుతూ బతికేది. కాళ్లు చూస్తే ఎవరూ తిమింగలం అనరు, చెవి మాత్రం దొరికిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మన దేశంలోకే వస్తుంది, ఇది తప్పకుండా తెలుసుకోవాల్సిన భాగం. ఏ.రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లో కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి, వాటిలో దొరికిన కొన్ని పళ్లు, దవడ ముక్కల్ని బట్టి 1971లో ఇండోహ్యూస్ అనే జంతువుకి పేరు పెట్టారు. ఆయన పోయాక ఇంకా పగలగొట్టని రాళ్లు గుట్టలుగా ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి, వాటిని ఆయన భార్య ఫ్రీడ్‌లిండె ఓబెర్గ్‌ఫెల్ ఏళ్ల తరబడి జాగ్రత్తగా కాపాడారు, ఆవిడ కూడా జియాలజిస్టే. చివరికి నమ్మకం కుదిరాక ఆ రాళ్లు థెవిసన్ చేతికి వచ్చాయి. ల్యాబ్‌లో ఎముకలు శుభ్రం చేస్తుంటే టెక్నీషియన్ చేతిలో ఒక పుర్రె చెవి భాగం అనుకోకుండా విరిగింది, విరిగిన చోట చూస్తే లోపలి అంచు మందంగా ఉంది. ఇన్వాల్యూక్రమ్! అప్పటిదాకా తిమింగలాల్లో తప్ప ఎక్కడా చూడని గుర్తు, పిల్లి కంటే కొంచెం పెద్దగా ఉండే, మూషిక జింకని గుర్తు చేసే, గిట్టలున్న చిన్న శాకాహార జంతువులో కనపడింది. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పేపర్ రాసినవాళ్లలో సునీల్ బాజ్‌పాయ్, బి.ఎన్.తివారీ కూడా ఉన్నారు. ఇండోహ్యూస్ కాళ్ల ఎముకల గోడలు కూడా మందంగా ఉన్నాయి, నీటిగుర్రంలాగా నీళ్లలో అడుగున నడవడానికి బరువు కావాలి కదా, దాన్ని బట్టి ఇది భయమేస్తే నీళ్లలోకి దూకి దాక్కునే రకం అని వాళ్ల అంచనా, ఆఫ్రికాలో ఉండే మూషిక జింకలు ఇప్పటికీ అలా చేస్తాయి. ఆ లెక్కన తిమింగలాల ముత్తాతలు చేపల ఆశతో నీళ్లలోకి దిగలేదు, ముందు ప్రాణభయంతో దిగి ఆ తర్వాత అక్కడ తిండి మార్చుకున్నాయి. పళ్లు మారకముందే చెవి, ఎముకల బరువు మారిపోయాయి. ఒక మనిషి ఓపిగ్గా రాళ్లు ఏరకపోయినా, ఇంకో మనిషి వాటిని పారేయకుండా ఉంచకపోయినా ఈ అధ్యాయం మొత్తం మనకి ఉండేదే కాదు.

ఇవన్నీ కాశ్మీర్, పాకిస్తాన్, కచ్ వైపే ఎందుకు దొరుకుతున్నాయంటే అప్పట్లో భారత భూభాగం ఆసియాని ఇంకా గుద్దుకుంటోంది, మధ్యలో టెథిస్ అనే వెచ్చటి లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని ఒడ్డునే ఈ మార్పంతా జరిగింది. 1975లో అశోక్ సాహ్ని, వి.పి.మిశ్రా కచ్ నుంచి పాత తిమింగలాలని వివరించారు, అక్కడి రెమింగ్టనోసెటస్, 2000లో పేరు పెట్టిన చిన్న సైజు కచ్చిసెటస్ లాంటివి చూస్తే మూతి పొడుగ్గా సన్నగా ఉంటుంది, కళ్లు చిన్నవి, చెవి ఎముకలు మాత్రం పెద్దవి. మసక నీళ్లలో కంటి కంటే చెవిని నమ్ముకున్న జంతువులని చూడగానే తెలుస్తుంది.

అసలు నీళ్లలో వినడం అంత కష్టమా అనిపించొచ్చు. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్లు వెళ్తుంది, నీళ్లలో దాదాపు 1500. మన శరీరం ఎక్కువ భాగం నీరే కాబట్టి నీళ్లలో వచ్చే శబ్దం కర్ణభేరి దగ్గర ఆగదు, తలలోంచి నేరుగా దూసుకుపోయి రెండు చెవులకీ దాదాపు ఒకేసారి తగుల్తుంది, దాంతో ఏ వైపు నుంచి వచ్చిందో తెలీదు. రుషికొండ దగ్గర ఈతకి దిగి తల ముంచినప్పుడు పడవ ఇంజిన్ మోత వినపడుతుంది గానీ పడవ ఎటుందో చెప్పలేం, అదే ఇది. తిమింగలాలు దీన్ని రెండు రకాలుగా సాల్వ్ చేశాయి. ఒకటి, కింద దవడ వెనక భాగం బోలుగా, గోడ పలచగా అయ్యి అందులో ఒక రకం కొవ్వు నిండింది, శబ్దం ఆ కొవ్వు గుండా నేరుగా చెవికి చేరుతుంది. రెండు, చెవి ఎముకలు పుర్రె నుంచి విడిపోయాయి, చుట్టూ గాలి నిండిన సంచులు వచ్చి మిగతా తల శబ్దం అంటకుండా అడ్డుపడ్డాయి. 2004లో సిర్పా నుమ్మెలా, థెవిసన్, బాజ్‌పాయ్ తదితరులు ఈ మార్పుని మెట్టు మెట్టుగా చూపించారు: పాకిసెటస్ దవడలో ఆ కొవ్వు ఉండే రంధ్రం చిన్నది, నేలా నీళ్లూ రెండిట్లో తిరిగిన ఆంబులోసెటస్‌లో కొంచెం పెద్దది, కచ్ తిమింగలాల్లో ఇంకా పెద్దది, బాసిలోసారస్ కాలానికి దవడ ఎత్తంతా అదే. ఇంత వరసగా ఒక అవయవం మారడాన్ని రాళ్లలో చూడగలగడం చాలా అరుదు.

చెవిలోనే ఉండే ఇంకో భాగం, శరీరం బ్యాలెన్స్ చూసుకునే అర్ధవృత్తాకార నాళాలు, అవి కూడా ఈ కథ చెప్తాయి. ఫ్రెడ్ స్పూర్ టీమ్ 2002లో స్కాన్ చేసి చూస్తే కచ్ తిమింగలాల్లోనే ఇవి ఒళ్లు సైజుతో పోలిస్తే బాగా చిన్నవైపోయాయి. మెడ కదలని, నీళ్లలో దొర్లే జంతువుకి నేల మీద జంతువుకున్నంత సున్నితమైన బ్యాలెన్స్ ఉంటే తల తిరిగిపోతుంది. ఒకసారి ఈ నాళాలు కుదించుకుపోయాక వెనక్కి నేల మీదకి రావడం అయ్యే పని కాదు.

ఇక్కడిదాకా చెప్పుకున్న పాత తిమింగలాలన్నీ పళ్లున్నవే గానీ పళ్ల తిమింగలాలు అని ఇప్పుడు పిలుస్తున్న గుంపు కాదు, ఈ తేడా దగ్గర చాలామంది తికమక పడతారు. ఆ గుంపు ప్రత్యేకత తాను శబ్దం వదిలి, అది తగిలి తిరిగొచ్చినదాన్ని విని, ఎదురుగా ఏముందో తెలుసుకోవడం, ఎకోలొకేషన్ అంటారు. నేవీ ఊరు కాబట్టి విశాఖలో సోనార్ అంటే ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, సూత్రం అదే. 1960ల మొదట్లో కెన్ నోరిస్ డాల్ఫిన్ కళ్లకి రబ్బరు కప్పులు పెట్టి మూసేస్తే అది ఏమాత్రం తడబడకుండా అడ్డంకుల మధ్య నుంచి ఈదేసింది, దవడతో వింటాయి అన్న ఆలోచన గట్టిగా ముందుకు తెచ్చింది కూడా ఆయనే. బాసిలోసారస్‌కి దవడ కొవ్వు ఉంది గానీ ఇలా శబ్దం పంపే ఏర్పాటు లేదు. ఇంకా పాతదైన, టోగో దేశంలో దొరికిన ఒక తిమింగలం లోపలి చెవిని 2017లో పరిశీలిస్తే అది అతి సన్నటి శబ్దాలకీ, అతి మందపు శబ్దాలకీ దేనికీ ప్రత్యేకించి తయారవ్వలేదని తేలింది. కాబట్టి నీళ్లలో వినడం ముందు, శబ్దంతో వెతకడం చాలా తర్వాత.

ఆ తర్వాత మలుపు సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందట మొదలైంది. అంటార్కిటికా మిగతా ఖండాలకి దూరమై దాని చుట్టూ చల్లటి ప్రవాహం ఏర్పడుతూ భూమి మొత్తం చల్లబడింది, సముద్రం అడుగు నుంచి పోషకాలు పైకొచ్చే చోట్లు పెరిగాయి, తిండి పెరిగింది. దాదాపు ఈ కాలంలోనే బలీన్ దారి, పళ్ల తిమింగలాల దారి విడిపోయాయి. బలీన్ వైపు కూడా మొదట్లో పళ్లున్నవే, పెరూలో దొరికి 2017లో పేరు పెట్టిన మిస్టకోడన్ అలాంటిదే, ఇప్పటి నీలి తిమింగలం పిండంలో కూడా పంటి మొగ్గలు వచ్చి కరిగిపోతాయి. వాటి కథ వేరే రాయాలి.

ఎకోలొకేషన్ ఎప్పుడొచ్చిందో తెలియాలంటే శబ్దం పంపే చోటు, వినే చోటు రెండూ రాతిలో కనపడాలి. డాల్ఫిన్ శబ్దం చేసేది గొంతుతో కాదు, ముక్కుతో. తల పైన ఉండే ముక్కు రంధ్రం కింద పెదాల్లాంటి కండలు గాలికి కొట్టుకుని క్లిక్కులు పుట్టిస్తాయి, నుదుటి మీదున్న మెలన్ అనే కొవ్వు ముద్ద వాటిని ముందుకి ఒక కిరణంలా గురిపెడుతుంది. మెత్తటి కండలు శిలాజాలవ్వవు, కానీ వాటికి చోటివ్వడానికి పుర్రె మారాల్సి వచ్చింది, పై దవడ ఎముకలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతూ కళ్ల పైదాకా వెనక్కి జరిగాయి, ముక్కు రంధ్రం నడినెత్తికి చేరింది. పైగా పుర్రె కుడి ఎడమలు సమానంగా లేకుండా ఒక పక్కకి ఒరిగిపోయింది, స్పెర్మ్ వేల్స్‌లో ఇది మరీ ఎక్కువ, వాల్తేరు మరుగుజ్జు స్పెర్మ్ వేల్ పుర్రె చేత్తో పట్టుకుని చూస్తే ఎవరో మెలిపెట్టినట్టే ఉంటుంది.

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్ చుట్టుపక్కల ఈ కాలం నాటి రాళ్లు బయటపడి ఉన్నాయి, ఈ గుంపు చరిత్రలో సగం అక్కడ్నించే వచ్చిందనొచ్చు. 2014లో జొనాథన్ గీస్లర్, తోటి వాళ్లు వివరించిన కొటిలోకారా 2 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటిది, పుర్రె పైన గాలి సంచులకి లోతైన గుంటలున్నాయి, ఎడమ కుడి తేడా ఉంది, అంటే పంపే మెషిన్ రెడీ. 2016లో ఎకోవెనేటర్ అనే ఇంచుమించు అదే వయసు జంతువు లోపలి చెవిని స్కాన్ చేశారు, మన చెవికి అందని అల్ట్రాసోనిక్ శబ్దాలు వినే నిర్మాణం అందులో స్పష్టంగా ఉంది, అంటే వినే మెషిన్ కూడా రెడీ. ఈ రెండూ పళ్ల తిమింగలాల చెట్టులో బాగా మొదట్లో చీలిపోయిన కొమ్మకి చెందినవి, ఇప్పుడు వాటి వారసులెవరూ లేరు. మొదట్లోనే చీలిన కొమ్మలో ఉంది, ఇప్పుడు బతికున్న వాటన్నిటిలో ఉంది, కాబట్టి ఉమ్మడి మూలంలోనే ఎకోలొకేషన్ వచ్చేసి ఉండాలి. డాల్ఫిన్‌కి ఒకసారి, స్పెర్మ్ వేల్‌కి ఇంకోసారి విడివిడిగా పుట్టింది కాదు. ఎందుకు వచ్చింది అంటే డేవిడ్ లిండ్‌బర్గ్, నిక్ పైన్సన్ 2007లో ఒక ఊహ చెప్పారు, రాత్రిపూట సముద్రం పైకి వచ్చి పగలు లోతుకి దిగిపోయే స్క్విడ్ లాంటి జీవుల్ని చీకట్లో పట్టుకోవడానికి మొదలై, వాటిని వెంబడిస్తూ లోతుకి వెళ్లాయని. శిలాజాలతో నిరూపించడం కష్టమే, కానీ ఇప్పటి పళ్ల తిమింగలాల్లో ఎన్ని స్క్విడ్‌ల మీద బతుకుతున్నాయో చూస్తే ఈ ఊహకి బలం ఉందనే చెప్పాలి.

చెవి ఈ పని చేయడం మొదలుపెట్టాక పళ్లకి ఏమైంది అన్నది చాలా ఆసక్తికరమైన భాగం. నమిలే పని పోయింది, పట్టుకుని మింగేయడమే. కోరపళ్లు, దవడ పళ్లు అన్న తేడా పోయి కొన్నిటిలో అన్నీ ఒకే రకం శంకువుల్లా అయ్యాయి, సంఖ్య పెరిగిపోయింది, కొన్ని డాల్ఫిన్లకి 200 దాటుతాయి. అయితే ఇది ఒకే లైనులో జరగలేదు. చార్ల్‌స్టన్ దగ్గర ఇళ్ల కోసం తవ్వుతుంటే 1990ల్లో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికిన ఆంకిలోరైజా, 2020లో దీని మీద వివరమైన పేపర్ వచ్చింది, 4.8 మీటర్ల పొడవు, ముందు పళ్లు లావుగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఓర్కాలాగా పెద్ద జంతువుల్ని వేటాడిన మొదటి పళ్ల తిమింగలం. దాని రెక్క, తోక ఎముకలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది, ఇప్పటి బలీన్ తిమింగలాలకీ డాల్ఫిన్లకీ ఉన్న పొట్టి చెయ్యి ఎముక, సన్నటి తోక మొదలు రెండూ ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చినవి కావు, రెండు గుంపులూ విడివిడిగా సంపాదించుకున్నవి. ఒకే నీళ్లు, ఒకే సమస్య, కాబట్టి ఒకే జవాబు.

ఇంకోవైపు పెరూ ఎడారిలో 2008లో దొరికి 2010లో పేరు పెట్టిన లివియాటన్ ఉంది, 3 మీటర్ల పుర్రె, 36 సెంటీమీటర్ల పళ్లు, రెండు దవడల్లోనూ. ఇది స్పెర్మ్ వేల్ కుటుంబమే. ఇప్పటి స్పెర్మ్ వేల్‌కి పనికొచ్చే పళ్లు కింద దవడలోనే ఉంటాయి, అవి కూడా తిండికి తప్పనిసరి కాదు, దవడ విరిగి వంకరపోయిన స్పెర్మ్ వేల్స్ కడుపు నిండా స్క్విడ్‌తో ఆరోగ్యంగా దొరికిన సందర్భాలున్నాయి. అవి ఎక్కువగా నోట్లోకి పీల్చుకుని మింగుతాయి. న్యూస్‌లో తిమింగలం వాంతి అని వినపడే అంబర్‌గ్రిస్ కూడా ఆ స్క్విడ్‌ల అరగని ముక్కుల చుట్టూ దాని పేగులో తయారయ్యేదే. అంటే ఒకే కుటుంబంలో ఒక కొమ్మ చరిత్రలోనే అతి పెద్ద పళ్లలో కొన్నిటిని పెంచింది, ఇంకో కొమ్మ పళ్లని దాదాపు వదిలేసింది. వదిలేసిన కొమ్మే మిగిలింది.

పీల్చి మింగడం కొత్తదేం కాదు. 2017లో సౌత్ కరోలినా నుంచే ఇనెర్మోరాస్ట్రమ్ అనే పొట్టి మూతి జంతువుని వివరించారు, సుమారు 3 కోట్ల ఏళ్ల నాటిది, మూతి బాగా కుదించుకుపోయి, పళ్లు లేని పరిస్థితి. మొదటి ఎకోలొకేషన్ జంతువులు వచ్చిన కొద్ది కాలానికే, వాటి దగ్గర చుట్టాల్లోనే పళ్లు అక్కర్లేదన్న జంతువు కూడా వచ్చేసిందన్నమాట. శబ్దంతో చేప ఎక్కడుందో కచ్చితంగా తెలిసినప్పుడు దగ్గరికెళ్లి గుటుక్కున పీల్చేస్తే చాలు. ఓవెన్ వర్ణించిన మన విశాఖ జంతువులు రెండూ సరిగ్గా ఈ పద్ధతిలోవే, ఇరావడ్డీ డాల్ఫిన్ మొండి మూతి, మరుగుజ్జు స్పెర్మ్ వేల్ మొండి మూతి, ఒకటి డాల్ఫిన్ కుటుంబం నుంచి, ఇంకోటి స్పెర్మ్ వేల్ వైపు నుంచి, వేరే వేరే దారుల్లో వచ్చి ఒకే ఆకారం దగ్గర కలిశాయి. ఈ మరుగుజ్జు స్పెర్మ్ వేల్‌కి ఇంకో తెలివైన ఏర్పాటు ఉంది, దాని క్లిక్కులు 120, 130 కిలోహెర్ట్జ్ దగ్గర చాలా సన్నటి బ్యాండ్‌లో ఉంటాయి, దాన్ని తినే ఓర్కాలకి అంత పై శబ్దాలు సరిగా వినపడవు. పోర్పాయిస్‌లు, ఇంకొన్ని చిన్న డాల్ఫిన్లు కూడా విడివిడిగా ఇదే పద్ధతికి వచ్చాయి. వేటాడడానికి పుట్టిన శబ్దం దాక్కోడానికి కూడా పనికొచ్చింది.

నదుల సంగతి కూడా చెప్పాలి. 2024లో పెరూ అమెజాన్ ప్రాంతంలో నాపో నది ఒడ్డున దొరికిన పెబానిస్టా అనే నది డాల్ఫిన్‌ని వివరించారు, కోటీ 60 లక్షల ఏళ్ల నాటిది, 3 మీటర్లకి పైనే పొడవు. అమెజాన్‌లో ఇప్పుడుండే గులాబీ డాల్ఫిన్‌కి పూర్వీకురాలై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు, కాదు, దాని దగ్గర చుట్టం మన గంగా డాల్ఫిన్, జాతీయ జలచరం. ఈ కుటుంబం ఒకప్పుడు సముద్రాలన్నిటా ఉండేది, సముద్రంలోవి అంతరించిపోయాయి, బురద నదుల్లోకి దూరినవే మిగిలాయి. గంగా డాల్ఫిన్‌కి చూపు దాదాపు లేదు, పుర్రె మీద మెలన్‌కి రెండు పక్కలా గోడల్లా లేచిన ఎముకలున్నాయి, కన్ను పూర్తిగా ఓడిపోయి చెవి పూర్తిగా గెలిచిన జంతువు ఏదైనా ఉందంటే అదే.

మరి విశాఖ చుట్టుపక్కల ఇలాంటి శిలాజాలు ఎందుకు లేవు అంటే కారణం రాయి. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, సింహాచలం కొండలన్నీ ఖోండలైట్, చార్నకైట్ లాంటి రాళ్లు, భూమి లోపల విపరీతమైన వేడికి ఒత్తిడికి మారిపోయినవి, తిమింగలాలు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందువి, వాటిలో ఎముక ఉండే ప్రశ్నే లేదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఇంకో అంచుకి చెందినవి, మరీ కొత్తవి. మధ్యలో ఉన్న కాలమంతా సముద్రం కింద, గోదావరి కృష్ణా తెచ్చిన మట్టి అడుగున ఉండిపోయింది. కానీ బతికున్న జంతువుల ఎముకలు మాత్రం ఈ తీరానికి వస్తూనే ఉంటాయి. చనిపోయిన డాల్ఫినో తిమింగలమో ఒడ్డుకి కొట్టుకొస్తే ఫొటోలు తీసుకోవడం, వాసన భరించలేక జేసీబీతో గొయ్యి తీసి పూడ్చేయడం, మామూలుగా జరిగేది ఇదే. తిమింగలాలన్నీ వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవి కాబట్టి ఎవరు పడితే వాళ్లు ఎముక తీసుకెళ్లకూడదు, అది సరైన రూలే, కానీ అటవీ శాఖ, యూనివర్సిటీ వాళ్లు కలిసి పూడ్చే ముందు కొలతలు, పళ్ల లెక్క, చెవి ఎముకలు తీసి దాచగలిగితే దాని విలువ చాలా ఎక్కువ, కొత్త శిలాజం దొరికినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇలాంటి ఎముకలే కావాలి. అన్నట్టు 2021 డిసెంబర్‌లో తంతడి బీచ్‌కి వచ్చి మళ్లీ సముద్రంలోకి పంపించిన వేల్ షార్క్ తిమింగలం కాదు, చేప. తోక చూస్తే చాలు, చేప తోక నిలువుగా ఉండి పక్కలకి ఊగుతుంది, తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందకీ ఊగుతుంది, పరిగెత్తే నాలుగు కాళ్ల జంతువు వెన్ను వంగే తీరు అదే కదా.

చెవి ఎముకల గొప్పతనం ఇంకోటి, అవి చాలా గట్టివి, పుర్రెకి వదులుగా అంటుకుని ఉంటాయి కాబట్టి కళేబరం కుళ్లగానే రాలి అడుగుకి చేరిపోతాయి, మిగతా ఎముకలన్నీ కరిగిపోయినా ఇవి మిగుల్తాయి. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాల్ని కొలిచిన చాలెంజర్ నౌక పసిఫిక్ లోతుల్లో వల లాగినప్పుడు సొర పళ్లతో పాటు పైకి వచ్చింది తిమింగలాల చెవి ఎముకలే. మన తూర్పు తీరంలో ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా బరిపద దగ్గర మయోసీన్ కాలం (సుమారు 2 కోట్ల 30 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి కాలం) నాటి సముద్రపు పొరలు నేల మీద బయటపడి ఉన్నాయి, సొర పళ్లు అక్కడ చాలాకాలంగా దొరుకుతున్నాయి, విశాఖ నుంచి చూస్తే కచ్, కాలాకోట్ కంటే చాలా దగ్గర. సొర పళ్లు నిలిచిన పొరలో తిమింగలం చెవి ఎముక కూడా నిలవగలదు, అది గుప్పెట్లో పట్టేంత గుండ్రటి నున్నటి ముక్క, తెలిసిన కన్ను పడకపోతే గులకరాయి అనుకుని పక్కన పడేస్తారు. బంగాళాఖాతం వైపు పళ్ల తిమింగలాల పాత చరిత్ర కోసం వెతకడం మొదలుపెట్టాల్సింది అక్కడే, వెతకాల్సింది ఆ ముక్క కోసమే.